ఔట్‌బోర్డు మోటారు: గేరుపెట్టెలో నీటి కథ

ఉగాది సంచిక అనగానే పాఠకులు కవుల చరిత్రలు, రాజుల చరిత్రలు, దేవాలయాల చరిత్రలు ఎదురుచూస్తారు. అవన్నీ ఉండవలసినవే. ఐతే ప్రవాసాంధ్రులలో సముద్రాన్ని నమ్ముకొని బ్రతికేవారు తక్కువమంది కారు. పూరీలోని పెంటకోట వాడలో నేటికీ తెలుగు వినిపిస్తున్నదంటే అది తెప్పలు వేసుకొని తీరం వెంబడి సాగిపోయిన మన మత్స్యకారుల చలవ. 1980ల తరువాత తూర్పు తీరంలో కొయ్యతెప్పల చోట ఫైబరు పడవలు వచ్చినవి. వాటిలో చాలవాటికి వెనుక మోటారు తగిలింది. ఆ మోటారుకూ ఒక చరిత్ర ఉన్నది. అందులో మేము ఇక్కడ చెప్పదలచినది ఒకే ఒక అధ్యాయం: నీటిలో మునిగి తిరిగే గేరుపెట్టెలోకి నీరు చొరకుండా, అందులోని నూనె బయటికి పోకుండా మనిషి పడిన పాట్లు.

ఔట్‌బోర్డు మోటారులో ఇంజను పైన, గాలిలో ఉంటుంది. దాని నుండి ఒక నిలువు షాఫ్టు క్రిందికి దిగుతుంది. అడుగున ఉన్న పెట్టెలో ఏటవాలు పళ్ళ గేర్లు ఆ నిలువు చుట్టును అడ్డచుట్టుగా మార్చి ప్రొపెల్లరును త్రిప్పుతవి. ఆ గేర్లకు ప్రాణం నూనె. నూనెలో నీరు కలిస్తే బేరింగులు తుప్పుపడతవి, గేరుపళ్ళు గుంటలుపడి అరుగుతవి, చివరకు ఒకనాడు నడిసముద్రంలో ప్రొపెల్లరు ఆగిపోతుంది. ఒడ్డున ఐతే అది మరమ్మతు ఖర్చు. తుఫాను మబ్బు క్రింద ఐతే ప్రాణాలతో చెలగాటం.

ఈ మోటారు పుట్టిల్లు అమెరికా. డెట్రాయిటుకు చెందిన కామెరాన్ వాటర్‌మన్ 1905 ప్రాంతంలో ఇటువంటి మోటారును రూపొందించి, మరుసటి సంవత్సరం నుండి అమ్మకానికి పెట్టినాడు. కాని దానిని లోకమంతటా వ్యాపింపజేసిన కీర్తి ఓలే ఎవిన్‌రూడ్‌ది. ఆయన 1877లో నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో విస్కాన్సిన్‌కు వలసవచ్చినవాడు. 1906లో ఒక వేసవినాడు, కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీము అడిగితే తెడ్లు వేసుకొని సరస్సు దాటి వెళ్ళినాడనీ, తిరిగి వచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ కష్టంలో నుండే మోటారు ఊహ పుట్టిందనీ కథ చెబుతారు. 1909లో మిల్వాకీలో ఆయన కంపెనీ వెలసింది. ఒకటిన్నర గుర్రాల శక్తి, 62 పౌన్ల బరువు: అదీ తొలి మోటారు. వ్యాపారపు లెక్కలు, ప్రకటనలు బెస్ చూసుకొనేది.

ఆనాటి గేరుపెట్టెలో పలుచని నూనె నిలిచేది కాదు. అందుచేత చిక్కని గ్రీజు కూరేవారు. ప్రొపెల్లరు షాఫ్టు తిరిగే రంధ్రానికి ఇత్తడి, కంచు బేరింగే కాపలా. షాఫ్టుకూ బేరింగుకూ నడుమ ఉన్న సన్నని సందులో గ్రీజే తలుపు. కొంత గ్రీజు బయటికి పోయేది, కొంత నీరు లోపలికి వచ్చేది. మళ్ళీ మళ్ళీ కూరవలసిందే. తరువాతి కాలంలో తోలుతోను, ఫెల్టుతోను చేసిన సీళ్ళు వచ్చినవి. అవి ఎండితే ముడుచుకొనేవి, నానితే మెత్తబడేవి.

ఇంగ్లండులో 1930లలో పుట్టిన సీగల్ మోటారుది వేరొక మార్గం. దాని పాత నమూనాలలో ప్రొపెల్లరు షాఫ్టుకు రబ్బరు సీలే లేదు. పొడుగాటి బేరింగు, 140 నంబరు చిక్కని నూనె: ఈ రెంటినే నమ్ముకున్నారు. నీరు కొంత చొరబడుతుందని ముందే ఒప్పుకున్న నిర్మాణం అది. నూనె నీటితో కలిసి మజ్జిగలా తెల్లబడినా, ఆ చిక్కదనంతోనే బలమైన గేర్లు నడిచేవి. తరచు మూత తీసి చూచి, నూనె నింపుకోవటమే యజమాని విధి. సీగల్ గేరుపెట్టె క్రింద నూనె చుక్క కనబడితే కంగారుపడనక్కరలేదనే మాట ఇందువల్ల వచ్చిందే.

అసలైన మార్పు కృత్రిమ రబ్బరుతో వచ్చినది. 1930లలో జర్మనీలో నూనెకు చెడని నైట్రైల్ రబ్బరు తయారైనది. డెన్మార్కులో పుట్టి అమెరికాకు వలసపోయిన నీల్స్ క్రిస్టెన్సెన్‌కు గుండ్రని రబ్బరు ఓ-రింగుపై 1939లో పేటెంటు లభించింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల పుణ్యమా అని ఓ-రింగు ఇంటింటి వస్తువైనది. లోపల చిన్న స్ప్రింగు చుట్టిన రబ్బరు పెదవి సీలు కూడ క్రమంగా పడవ మోటార్లలో ప్రవేశించినది. స్వదేశం విడిచినవాడు మోటారును చేస్తే, స్వదేశం విడిచిన మరొకడు దాని కారుడును ఆపే ఉంగరాన్ని చేసినాడు. వలసవచ్చినవారి సంచికలో ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాము.

ఐతే ఒక రంధ్రం పూడిస్తే మరొకటి పుట్టింది. 1949లో జాన్సన్ కంపెనీ తన పది గుర్రాల మోటారుకు ముందుకు, వెనుకకు, మధ్యస్థానానికి మార్చే గేరు పెట్టింది. సౌకర్యం గొప్పదే. కాని గేరు మార్చే కడ్డీ పెట్టెలోకి దిగటానికి ఇంకొక దారి కావలసివచ్చింది. ఆ దారికీ ఒక ఓ-రింగు కాపలా. ఆ కాలపు మోటార్లలో గేరుపెట్టె రెండు ముక్కలుగా ఉండేది గనుక, ఆ అతుకు వెంబడి కూడ సన్నని రబ్బరు తాడు పరిచేవారు.

పాత మోటారులో నూనె తెల్లబడితే వెదకవలసిన చోట్లు ఈ చరిత్రే చెబుతుంది: నూనె నింపే మర, గాలి పోయే మర, వాటి వాషర్లు, ప్రొపెల్లరు షాఫ్టు సీలు, నీటి పంపు క్రింద ఉండే నిలువు షాఫ్టు సీలు, గేరు కడ్డీ ఓ-రింగు, పెట్టె అతుకు. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ నమూనాలు చాలవాటిలో క్రింది నూనె మర దగ్గరనే ప్లస్ గాటు ఉన్న మర ఒకటి ఉంటుంది. అది నూనె మర కాదు, గేరు మార్చే అమరికను పట్టి ఉంచేది. దానిని విప్పరాదు.

నీరు ఎట్లా వస్తుందో కూడ గమనించదగినది. నడిచేటప్పుడు పెట్టె వేడెక్కి లోని గాలి వ్యాకోచిస్తుంది, నూనెను బయటికి నెడుతుంది. ఆపగానే చల్లని నీటిలో గాలి ముడుచుకొని నీటిని లోనికి పీలుస్తుంది. అందుకే చాల మోటార్లలో రెండు సీళ్ళు వీపులు కలిపి కూర్చుంటవి: ఒకటి నూనెను ఆపటానికి, ఇంకొకటి నీటిని ఆపటానికి.

పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. నూనె తీసివేసి, ఒక మర రంధ్రానికి గొట్టం బిగించి, చేతి పంపుతో చదరపు అంగుళానికి పది పౌన్ల లోపు గాలి ఎక్కించి, పెట్టెను నీటి తొట్టిలో ముంచాలి. షాఫ్టులను నెమ్మదిగా త్రిప్పుతూ చూస్తే బుడగ ఎక్కడ లేస్తే అక్కడే దొంగ. తరువాత గాలి లాగి కూడ పరీక్షించాలి. గాలి ఎక్కిస్తే నిలిచిన సీలు, లాగితే నిలవకపోవచ్చు.

సీలు ఒక్కటి మార్చితే చాలదు. అది చెడటానికి కారణం చూడాలి. తెగిన వల దారం, గాలపు నైలాను షాఫ్టుకు చుట్టుకొని సీలు పెదవిని కోస్తుంది. ఏళ్ళ తరబడి రాపిడికి షాఫ్టుమీద గాడి పడుతుంది. ఆ గాడిమీద కొత్త సీలు కూడ కారుతుంది. అప్పుడు సన్నని పట్టుకాగితంతో నునుపు చేయటమో, వీలుంటే సీలును కొంచెం జరిపి అరగని చోట కూర్చుండబెట్టటమో, షాఫ్టుకు పలుచని తొడుగు వేయటమో చేస్తారు. మర వాషర్లు విప్పినప్పుడెల్లా కొత్తవి వేయాలి. నూనెను క్రింది రంధ్రం నుండి పైకి నింపితేనే గాలి మిగలకుండా పోతుంది.

ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లను నడిపిన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000లో దివాలా తీసింది. తరువాత వేరొక కంపెనీ చేతిలో నడచిన ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. కంపెనీలు పోయినా వారి పాత మోటార్లు నడుస్తూనే ఉన్నవి. సీలుకు లోపలి కొలత, బయటి కొలత, మందం తెలిస్తే, చాలవాటికి బేరింగుల దుకాణంలో జత దొరుకుతుంది గనుక.

సముద్రంమీదికి పోయే ప్రతి పడవ వెనుక ఒడ్డున ఎదురుచూచే ఇల్లు ఒకటి ఉంటుంది. నూనె రంగు చూడటం అయిదు నిమిషాల పని. నెలకొకసారి క్రింది మరను కొంచెం వదులు చేసి, తొలి చుక్కలు నీరో, మజ్జిగరంగు నూనెయో, స్వచ్ఛమైన నూనెయో చూడమని మన పడవలవారికి మా మనవి. నూనెకంటె నీరు బరువు గనుక, నీరుంటే ముందు వచ్చేది అదే. ఈ విద్య తెలిసిన పెద్దలు ప్రతి రేవులోను ఉన్నారు. వారి చేతిలో ఉండగానే అది పిల్లల చేతికి అందాలని ఈ నూతన సంవత్సరంలో కోరుకుంటున్నాము.