రచ్చ

ఇప్పుడు రచ్చ అంటే గోల. ‘రచ్చ చేయకు’ అని పిల్లల్ని కసురుకుంటాం. దానికి ‘బండ’ చేరితే మాత్రం ఆ మాటకే పెద్దరికం వస్తుంది. ఊరి నడుమ చెట్టు, దాని చుట్టూ గట్టు, ఆ గట్టు మీద కూర్చుని మంచీ చెడూ మాట్లాడుకునే మనుషులు కళ్లముందు మెదులుతారు.

ఈ మాటకు మూలం సంస్కృతంలోని ‘రథ్యా’. రథం నడిచే వీధి అని అర్థం. ‘మిథ్యా’ ప్రాకృతంలో ‘మిచ్ఛా’ అయినట్టే ‘రథ్యా’ కూడా ‘రచ్ఛా’ అయింది. తెలుగులో ఒత్తు తేలికపడి ‘రచ్చ’గా స్థిరపడింది. అర్థం కూడా నడుస్తూ వచ్చింది. ముందు వీధి, తర్వాత వీధిలో జనం కూడే చోటు, ఆపైన తగవు తీర్చే చోటు, చివరికి తగవే రచ్చ అయింది. పరిష్కారం జరిగే తావు పేరు మరిచి, అక్కడి అరుపులకే ఆ పేరు మిగిల్చుకున్నాం.

‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అనే సామెత పాత అర్థాన్ని కాపాడింది. నీ వాళ్లు ఒప్పుకుంటే చాలదు, ఎదురు ప్రశ్న వేయగల పదిమంది ముందు నీ మాట నిలవాలి. చరిత్ర, సాహిత్యం, తత్త్వం లాంటి విద్యలకు ఇదే అసలు పరీక్ష. విశ్వవిద్యాలయం వాటికి ఇల్లయితే, ఊరు రచ్చ.

కానీ ఆ గట్టు అందరిదీ కాదు. దాని మీద కూర్చునే హక్కు లేని కులాలున్నాయి. ‘రచ్చకీడ్చడం’ అనే పలుకుబడిలో, తమ మాట చెప్పుకునే వీలు లేకుండానే పదిమందిలో నిలబడి పరువు పోగొట్టుకున్న మనుషుల బాధ ఉంది. అందుకే రచ్చను తలుచుకుని మురిసిపోతే సరిపోదు. దాన్ని వెడల్పు చేసినవాళ్లను తలుచుకోవాలి.

భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, దళితవాడల్లో హరికథలు చెప్పించారు. ఊరి గట్టు మీద చోటు దొరకనివాళ్లకు కథ చుట్టూ కూడే తావు దొరికింది. 1917లో బెజవాడలో పంచముల మహాసభ పేరిట జరిగిన సమావేశానికి ఆయనే అధ్యక్షులు. దళితులకు ఇతరులు పెట్టిన ‘పంచములు’ అనే పేరే తమకు వద్దని సభికులు అక్కడ తేల్చి, తమను ‘ఆది ఆంధ్రులు’ అని చెప్పుకున్నారు. ఒక మాట తగునా తగదా అని ఆ మాట మోస్తున్నవాళ్లే సభలో తేల్చుకున్నారు. నా దృష్టిలో అంతకు మించిన పదచర్చ లేదు.

గ్రంథాలయోద్యమం మరో దారిలో నడిచింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి ప్రాంతంలో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. జనం పుస్తకాల దగ్గరకు రావాలని ఎదురుచూడకుండా, జనం ప్రయాణించే దారినే పుస్తకాలకూ దారి చేశారు. ‘రథ్యా’కు ఉన్న మొదటి అర్థం దారే కదా!

ఇప్పుడు సాహిత్య సభలకూ చరిత్ర ప్రసంగాలకూ కొదవ లేదు. వాటిలో చాలావరకు వేదిక మీదివాళ్లు మాట్లాడతారు, కిందివాళ్లు చప్పట్లు కొడతారు, సన్మానంతో సభ ముగుస్తుంది. శ్రోతకు తన అనుభవం చెప్పే వంతే రాదు. నేతగాడి ముందు నేత చరిత్ర చెప్పినప్పుడు అతను ‘కాదండీ, అది అలా జరగలేదు’ అనగలగాలి. చెప్పినవాడు ఆ మాట విని తన పాఠం దిద్దుకోవాలి. ఊరి మనుషుల మధ్య నమ్మకం ఏకాభిప్రాయంతో పుట్టదు, తన మాటకు జవాబు దొరుకుతుందన్న భరోసాతో పుడుతుంది. సభ పెట్టేవాళ్లు ప్రసంగాలకు ఎంత సమయం ఇస్తారో శ్రోతల మాటకూ అంత ఇవ్వాలి. అప్పుడు కాస్త గొంతులు లేస్తాయి, లేవనివ్వాలి. రచ్చ అంటే అదీ ఉంటుంది.