చింతగింజల చరిత్ర

అష్టాచెమ్మా ఆడడం పెళ్ళయి జలదంకి వచ్చాకే నేర్చుకున్నానంటే మీరు నవ్వుతారేమో! మా పుట్టింట్లో గవ్వలు చేతికి తీసుకున్నామో లేదో, నాన్నగారు ధర్మరాజు కథ ఎత్తేవారు. జూదమన్నది గడప తొక్కకూడదని ఆయన పట్టుదల. అందుకే చరిత్ర చదివి బి.ఏ. ప్యాసయ్యాను గానీ, గవ్వలు విసరడం మాత్రం రాలేదు.

జలదంకిలో మధ్యాహ్నం వంటింటి పని సర్దుకున్నాక ఇరుగుపొరుగు స్నేహితురాళ్ళం అరుగు మీద చేరేవాళ్ళం. మాకు గురువు ఎదురింటి పెద్దమ్మ. నిలువునా అయిదు, అడ్డంగా అయిదు, మొత్తం 25 గళ్ళు సుద్దముక్కతో క్షణంలో గీసేది. నాలుగు వైపులా నడిమి గడిలోనూ, సరిగ్గా మధ్యనున్న గడిలోనూ ఇంటూ గుర్తులు. ఆ గళ్ళలో ఉన్న కాయను ఎవరూ చంపకూడదు. గవ్వలు లేకపోతేనేం, చింతపండు కొట్టగా మిగిలిన గింజలు ఇంటినిండా ఉంటాయి. నాలుగు గింజల్ని ఒకవైపు బండకేసి అరగదీస్తే తెలుపు తేలుతుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడినా మళ్ళీ మన వంతే. ఇక కాయలంటారా, విరిగిన గాజుముక్కలే!

ఇందులో ఒక కఠినమైన నియమం ఉంది. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపనిదే మన కాయ లోపలి వరుసలోకి పోకూడదు. నాకేమో చెయ్యి రాలేదు. పక్కింటావిడ కాయ అందినా వదిలేశాను.

“ఏందమ్మే, చూస్తా చూస్తా వదిలేస్తివి? జాలిపడతా కూర్చుంటే ఇంటికెప్పుడు పోతావు?” అని పెద్దమ్మ కసిరింది.

ఆ మాటకు నాకు మా పడమటనున్న ఉదయగిరి గుర్తొచ్చింది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కొండకోటను ముట్టడించి, గజపతుల సైన్యంతో పోరాడి పోరాడి, 1514లో గానీ లోపల అడుగు పెట్టలేకపోయాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. రాయలవారికీ తప్పని నియమమే మరి!

అయితే రాజుల ఆటల్లో ఆడవాళ్ళెక్కడ ఉన్నారని వెతికితే మనసు చివుక్కుమంటుంది. భారతంలో ద్రౌపదిని పందెం ఒడ్డారు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు రాజభవనం ముంగిట రాతినేల మీద పచ్చీసు గళ్ళు ఈనాటికీ కనిపిస్తాయి. దాసీలే కాయలుగా ఆ గళ్ళలో నడిచేవారని చెప్పుకుంటారు. ఆ పచ్చీసే ఇంగ్లండు చేరి, గవ్వల బదులు పాచిక పెట్టుకుని, 1896లో లూడో పేరుతో పేటెంటు పొందింది. మన పిల్లల కోసం అట్టపెట్టెలో తిరిగొచ్చి, ఇప్పుడు సెల్‌ఫోనులో తిష్ఠ వేసింది.

మా అరుగు మీద మాత్రం గింజలు మా చేతుల్లోనే ఉండేవి. పందెం లేదు గనక నాన్నగారికీ బెంగ అక్కర్లేదు. పెద్దమ్మకు చిన్న వయసులోనే భర్త పోయాడు. పేరంటాలకు ఆమెను ఎవరూ పిలిచేవారు కారు. పెళ్ళిళ్ళలో తనే వెనక గదిలో ఉండిపోయేది. అలాంటి మనిషి అరుగు మీదకు రానిదే మా ఆట మొదలయ్యేది కాదు! ఈ సంగతి ఏ చరిత్ర పుస్తకానికి ఎక్కుతుంది చెప్పండి? ఫతేపూర్ గళ్ళు రాతివి గనక నిలిచాయి. పెద్దమ్మ గళ్ళు సాయంత్రం అరుగు కడిగేసరికి చెరిగిపోయేవి.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న వేసవిలో మా అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కుని, చింతగింజలు అరగదీసి, నేల మీద గళ్ళు గీశాను. నా కాయను చంపే వీలు చిక్కినా అది నా మొహం చూసి తటపటాయించింది.

“జాలిపడతా కూర్చుంటే ఇంటికెప్పుడు పోతావే?” అన్నాను.

పెద్దమ్మ యాస నా నోట విని నాకే నవ్వొచ్చింది. అమ్మాయి నా కాయను చంపేసింది.