బెల్‌ఫాస్ట్, 1792: ఐర్లండ్ హార్ప్ వాదన పద్ధతి

ఐర్లండ్ నాణెం ఎప్పుడైనా మీ చేతికి వస్తే దానిమీద హార్ప్ బొమ్మ కనిపిస్తుంది. ఆ దేశపు ప్రభుత్వ ముద్రలోనూ అదే ఉంది, గిన్నిస్ బీరు సీసామీదా అదే ఉంది. ఆ బొమ్మకు మూలమైన వాద్యం డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో భద్రంగా ఉంది. దానిని బ్రియాన్ బోరు రాజు హార్ప్ అంటారు గాని, ఆ రాజు 1014లోనే మరణించాడు. వాద్యం అంతకు మూడు నాలుగు శతాబ్దాల తరువాతిది. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. వాద్యమూ దాని బొమ్మా ఇంత భద్రంగా నిలిచాయి కదా, మరి దానిని వాయించే పద్ధతి నిలిచిందా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం 1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన ఒక సభను పరిశీలిద్దాం.

వాద్యం, వాయించే చేయి

ఈనాడు పాశ్చాత్య వాద్యబృందాలలో కనిపించే హార్ప్‌కూ పాత ఐరిష్ హార్ప్‌కూ తేడా ఎక్కువ. పాత వాద్యానికి లోహపు తీగలు, ముఖ్యంగా ఇత్తడి తీగలు కట్టేవారు. ట్రినిటీ హార్ప్ నాదపేటికను విల్లో చెక్కతో తొలిచారు. వాద్యాన్ని ఎడమ భుజానికి ఆనించి, పై స్థాయి స్వరాలను ఎడమచేతితో, మంద్రస్థాయిని కుడిచేతితో పలికించేవారు. ఆధునిక పద్ధతి దీనికి తలకిందులు. తీగలను పెంచిన గోళ్లతో మీటడం ప్రాచీన సంప్రదాయం.

ఇత్తడి తీగను గోటితో మీటితే నాదం చాలాసేపు మోగుతూనే ఉంటుంది. వెంటనే మరో స్వరం, ఇంకో స్వరం మీటితే అన్నీ కలిసి గందరగోళమవుతాయి. కాబట్టి ఏ తీగను మీటాలన్నదానితో పాటు, మోగుతున్న తీగను ఎప్పుడు ఏ వేలితో ఆపాలన్నది కూడా విద్యలో భాగమే. బహుశా అసలు విద్య అదే. శ్రుతి చేయడం వాద్యం మధ్యలో ఒకే స్వరానికి కూర్చే రెండు పక్కపక్క తీగలతో మొదలయ్యేది. వాటిని ‘అక్కచెల్లెళ్లు’ అనేవారు.

ఈ విద్య గ్రంథాలలో ఉండేది కాదు, గురువు చేతి నుంచి శిష్యుని చేతికి అందేది. దానిని పోషించిన గేలిక్ ప్రభువులలో ముఖ్యులు 1607లో దేశం విడిచిపోయారు. తరువాత భూములు చేతులు మారాయి, ఆస్థానాలు పోయాయి. వాదకులు ఊరూరా తిరిగి భోజనం, బస చూసుకోవలసి వచ్చింది. మశూచితో చూపు పోయిన పిల్లలకు ఇదొక జీవనాధారమయింది. ప్రసిద్ధుడైన కారొలన్ (1670–1738) అలాంటివాడే.

సభలో ఏం జరిగింది?

బెల్‌ఫాస్ట్ సభకు పూనుకున్నవారిలో వైద్యుడు జేమ్స్ మెక్‌డానెల్ ఒకరు. ఆయన బాల్యంలో ఆర్థర్ ఓనీల్ అనే అంధ వాదకుని వద్ద హార్ప్ నేర్చుకున్నాడు. సభకు పదిమంది ఐరిష్ వాదకులు, వేల్స్ నుంచి ఒకరు వచ్చారు. ఐరిష్ వాదకులలో ఆరుగురు అంధులు, ఒక్కరే స్త్రీ. ఆ రోజుల్లోనే నగరంలో ఫ్రెంచి విప్లవ వార్షికోత్సవం జరిగింది. యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం తన చిహ్నంగా పెట్టుకున్నది హార్ప్‌నే. అయినా ఆ సంఘ నాయకుడు వుల్ఫ్ టోన్ సభకు వచ్చి, విసుగు చెందినట్లు తన దినచర్యలో రాసుకున్నాడు. చిహ్నాన్ని ప్రేమించేవారు వాద్యాన్ని వినాలని ఏమీ లేదు!

స్వరాలు రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్‌ను నియమించారు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు, వృత్తి చర్చిలో ఆర్గాన్ వాయించడం. మొదటి బహుమతి పది గినీలు చార్లెస్ ఫానింగ్‌కు దక్కాయి. ఫానింగ్ అందరికంటె గొప్పవాడేమీ కాదని, పియానో నేర్చే యువతకు నచ్చిన పాటను కొత్త అలంకారాలతో వాయించినందుకే గెలిచాడని బంటింగ్ తరువాత రాశాడు.

బంటింగ్‌ను ఆకర్షించినవాడు డెనిస్ హెంప్సన్. వయసు తొంభై ఏడు అని అప్పటివారు రాశారు. మూడేళ్లప్పుడు మశూచితో చూపు పోయింది. ఎనభై ఆరో ఏట పెళ్లి చేసుకున్నాడనీ చెబుతారు. వచ్చినవారందరిలో గోళ్లతో వాయించినవాడు ఇతడొక్కడే. మిగిలినవారు వేలికొనలతో మీటేవారు. అంటే సభ జరిగేనాటికే పాత పద్ధతి ఒకే ఒక వృద్ధుని చేతిలో మిగిలింది. బంటింగ్ తరువాత మెగిలిగన్‌లోని అతని ఇంటికి కూడా వెళ్లి పాటలు రాసుకున్నాడు. హెంప్సన్ 1807లో మరణించాడు.

కాగితం మీదికి ఎక్కినదేమిటి?

బంటింగ్ 1796, 1809, 1840లలో మూడు సంపుటాలు ప్రచురించాడు. పాటలను పియానోకు అనువుగా మార్చి అచ్చువేశాడు, ఎందుకంటే పుస్తకాలు కొనేవారి ఇళ్లలో ఉన్నది పియానో. కాని పియానోలో తీగను వేలితో ఆపవలసిన పని లేదు. రాగం దక్కింది, చేయి దక్కలేదు. ఈ మార్పు ఎంతటిదో నేడు మనకు తెలియడానికి కారణం, అతడు వాదకుల ఎదుట గబగబా రాసుకున్న చిత్తుప్రతులు మిగలడమే. అవి బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆధారాలను పోల్చేటప్పుడు అచ్చు పుస్తకానికీ చిత్తుప్రతికీ ఉండే ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

విద్యను నిలపడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 1808లో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ సంఘం పాఠశాల తెరచి, వృద్ధుడైన ఓనీల్‌ను గురువుగా పెట్టింది. అయిదేళ్లకు డబ్బు లేక అది మూతపడింది. 1819లో మళ్లీ తెరిచారు. ఈసారి చందాలు వచ్చింది మన దేశం నుంచే! బెంగాలులో ఉన్న ఐరిష్‌వారు పంపిన సొమ్ముతో అది సుమారు ఇరవై ఏళ్లు నడిచింది. అదే కాలంలో డబ్లిన్‌లో జాన్ ఈగన్ జంతువుల పేగులతో చేసిన తీగలు కట్టి చిన్న హార్ప్‌లు తయారుచేశాడు. ఇళ్లలో వాయించుకునేవారికి అవి నచ్చాయి. తరువాత ‘ఐరిష్ హార్ప్’ అంటే ప్రజల మనసులో నిలిచిన రూపం అదే.

బంటింగ్ తన చివరి సంపుటంలో, వాదకులు వేళ్ల కదలికలకు వాడిన ఐరిష్ పేర్లను పట్టికలుగా ఇచ్చాడు. ఏ వేలు మీటాలో, ఏ వేలు ఆపాలో అందులో కొంత ఉంది. చాలాకాలం ఎవరూ వాటిని ఆచరణలో పెట్టి చూడలేదు. 1970ల నుంచి అమెరికాకు చెందిన ఆన్ హేమన్ గోళ్లు పెంచి, ఇత్తడి తీగల హార్ప్ మీద ఆ పట్టికలను పరీక్షించడం మొదలుపెట్టింది. ఇప్పుడు కిల్కెన్నీలో వేసవి శిబిరాలలో విద్యార్థులు అవే నేర్చుకుంటున్నారు. కార్మక్ ఓకెల్లీ 1702లో చేసిన హెంప్సన్ హార్ప్ మాత్రం డబ్లిన్‌లో గిన్నిస్ సంస్థ ప్రదర్శనశాలలో ఉంది.