పన్నెండు యూనిట్లు, రెండు ఎద్దులు: జగిత్యాల ప్రాంత లఘు చిత్రాల్లో వర్తమానం

2019 ఏప్రిల్ 11న మల్లాపూర్ మండల ఓటర్లు పోలింగ్ గదిలో ఒకేచోట 12 బ్యాలెట్ యూనిట్లను చూశారు. కోరుట్ల శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలం నిజామాబాద్ లోక్‌సభ స్థానం పరిధిలోకి వస్తుంది. ఆ ఎన్నికలో పోటీకి నిలిచిన 185 మందిలో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర రావాలని, పసుపు బోర్డు పెట్టాలని వారి డిమాండ్. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు చెప్పుకోవడానికి నల్లగొండలో 480 మంది బరిలో నిలిచిన దారిలోనే వీళ్లూ నడిచారు. పోలింగ్ గదిలోకి బయటివాళ్ల కెమెరా పోలేదు. కాబట్టి ఆ యూనిట్ల వరుస వెనకున్న కథను లఘు చిత్రకారుడు పసుపు ఆరబోసిన కల్లంలోనే వెతుక్కోవాలి. వర్తమాన ఘటనలకు ఈ ప్రాంతపు లఘు చిత్రం ఎలా స్పందించింది, ఎక్కడ ఆగిపోతోంది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న విషయం.

పరిశీలనకు దగ్గరి ఆధారం జగిత్యాల జిల్లాలోనే ఉంది. మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానెల్ ఊరినే సెట్టింగుగా, ఊరివాళ్లనే నటులుగా పెట్టుకుంది. వ్యవసాయ కూలీ మిల్కూరి గంగవ్వ అందులోంచే రాష్ట్రమంతా ఎరిగిన నటి అయింది. ఆ ఛానెల్ వీడియోల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం.

2018 వేసవిలో ‘కికీ ఛాలెంజ్’ ప్రపంచమంతా పాకింది. నడుస్తున్న కారులోంచి దిగి, దాని పక్కనే నాట్యం చేస్తూ సాగడం ఆ సరదా. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దని అనేక నగరాల పోలీసులు హెచ్చరికలు జారీచేస్తున్న రోజులవి. ఆగస్టు మొదట్లో ఆ బృందంలోని అనిల్ గీల, ఒక యువరైతు కలిసి లంబాడిపల్లి పొలంలో దీనికి జవాబు చెప్పారు. కారు స్థానంలో దమ్ము చేస్తున్న ఎడ్ల జత ఉంది. ఇద్దరూ పక్కకు దిగి మోకాళ్ల దాకా బురదలో ఆడుతుంటే ఎద్దులు తమ పాటికి తాము నడుస్తూనే ఉంటాయి. నీతి బోధ ఒక్క మాట కూడా లేదు. స్టీరింగు వదిలేసిన కారు ప్రమాదం. ముల్లుగర్ర పక్కన పెట్టినా ఎద్దుకు సాలు తెలుసు. దృశ్యం పెట్టే ఈ పోలిక ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చిన సంగతిని ఊరి పని మీద పెట్టి తూచడమే ఈ చిత్రాల అసలు పద్ధతి అని నా నిర్ధారణ. అమెరికా దాకా పోయిన ఆ దృశ్యానికి సెన్సారు సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది, థియేటరూ అక్కర్లేకపోయింది. అందుకే వేడి చల్లారకముందే జనంలోకి వెళ్లింది.

ఈ గడ్డకు స్పందించడం కొత్త కాదు. 1978 సెప్టెంబర్‌లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అప్పటి ముచ్చటను ఊరూరా మోసింది పాట. నేడు ఆ బరువులో కొంత ఫోను మోస్తోంది. 2016 తర్వాత మొబైల్ డేటా చవకవడంతో ఈ మార్పు వేగం అందుకుంది. చాలాకాలం తెలుగు సినిమాలో హాస్యగాడి నోటికో, రౌడీ నోటికో పరిమితమైన తెలంగాణ యాస ఈ చిత్రాల్లో కథ చెప్పే గొంతు అయింది. నా దృష్టిలో ఇది కూడా రాజకీయ చర్యే.

ఇంకో సంగతి ప్రేక్షకుడిది. మల్లాపూర్, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ అరుదు. కొడుకు దుబాయి క్యాంపు గదిలో, తల్లి ఇంటి అరుగు మీద ఒకే రాత్రి ఒకే చిత్రం చూసి, ఫోనులో దాని గురించే మాట్లాడుకోగలరు. కానీ ఇద్దరూ విడివిడిగానే చూస్తారు. 2023లో వేణు యెల్దండి సినిమా ‘బలగం’ వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని, కలిసి కూర్చుని చూశాయి. కలిసి చూసినప్పుడు ఏడుపు ఒకరిది కాదు, తగువు ఒకరిది కాదు, మాట బయటికొస్తుంది. లఘు చిత్రానికి ఆ కూడిక దొరకడం లేదు.

రెండో లోపం ఇంకా లోతైనది. చూపుల లెక్కను బట్టి ఆదాయం వచ్చేచోట పండుగ సరదా తొందరగా గిట్టుబాటవుతుంది. ఏళ్ల తరబడి సాగే గోస గిట్టుబాటు కాదు. మల్లాపూర్ మండలం ముత్యంపేటలోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు రైతు పంట మార్చుకోవడం, కార్మికుడు పని వెతుక్కుంటూ ఊరు దాటడం రెండు రోజుల్లో తీసే కథ కాదు. పసుపు సంగతీ అంతే. విత్తిన దగ్గర్నుంచి తవ్వేదాకా ఎనిమిది తొమ్మిది నెలలు. ఆపైన ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, నిజామాబాద్ మార్కెట్‌కు తోలాలి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది. బోర్డు వచ్చిందన్న వార్త ఒక్కరోజుది; వచ్చాక కల్లంలో ఏం మారిందో చూడాలంటే కెమెరా పంటతో పాటు ఏడాది పొడవునా నిలబడాలి.

హైదరాబాదు రవీంద్రభారతిలో, మన కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ పేరిట ఉన్న ప్రివ్యూ థియేటర్‌లో, భాషా సాంస్కృతిక శాఖ 2016లో ‘సినివారం’ మొదలుపెట్టి కొత్త దర్శకుల చిత్రాలకు తెర ఇచ్చింది. కలిసి కూర్చుని చూడటానికి అలాంటి తెర ఒకటి కోరుట్లలో, ఒకటి సిరిసిల్లలో కావాలి. ఇక తీసే పిల్లలకు ఒక మనవి. మీ చిత్రం చివర తీసిన తేదీ, ఊరు, సందర్భం రాయండి. అసలు ఫైలును ఒక్క యూట్యూబ్‌కే అప్పగించి ఊరుకోకుండా, ఒక ప్రతి మీ దగ్గర, మరో ప్రతి మీ కాలేజీ లైబ్రరీలో దాచండి.