పురిటిగది నుండి ప్రసూతి ఆసుపత్రి వరకు

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు అంటారు. ఈనాడు ఆ మాటను అలవాటుగా అనేస్తున్నాము గాని, మొదట అన్నవారు దానిని అలంకారానికి అనలేదు; కళ్ళారా చూచి అన్నారు. నిండుచూలాలు అత్తవారి గడప దాటి పుట్టింటి బండి ఎక్కేవేళ, ఆమె తిరిగి బిడ్డతో ఆ గడప తొక్కుతుందో లేదో ఎవరూ చెప్పలేని రోజులవి. ఆ భయం మన ఇళ్ళలో ఎట్లా తగ్గుతూ వచ్చినది, ఎవరెవరి చేతులు కలిసినందువల్ల తగ్గినది అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

కృష్ణ కుడిగట్టు నుండి గుండ్లకమ్మ దాటి ఒంగోలు వరకు పరచుకొన్న నల్లరేగడి నేల ప్రత్తికి, మిరపకు పుట్టినిల్లు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినది. 1970లో ఒంగోలు కేంద్రంగా మరొక జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు ధరించినది. 2022లో బాపట్ల, పల్నాడు జిల్లాలు వెలసినవి. హద్దులు ఇట్లా మారుతూ వచ్చినా, కాన్పు కష్టమైనప్పుడు ఈ ప్రాంతంలో చాలా భాగం చూచినది గుంటూరు వైపే.

ముందుగా పాత పురిటిగదిలోకి తొంగిచూద్దాము. ఇంటిలో ఒక మూలగది. గాలి చొరకుండా కిటికీ మూసి, మంచం క్రింద కుంపటి పెట్టి, సాంబ్రాణి పొగ వేసేవారు. అక్కడ అధికారమంతా మంత్రసానిది. ఆమెకు అక్షరం రాకపోవచ్చు. కాని వందల కాన్పులు చేసిన అనుభవం ఆమె చేతులలో ఉన్నది. కడుపు మీద చేయి వేసి బిడ్డ తల ఎటున్నదో చెప్పగలదు. నొప్పులు పడే పిల్లకు ధైర్యం చెప్పగలదు. అర్ధరాత్రి పిలిచినా వస్తుంది. ఇచ్చిన మానెడు గింజలో, పాత చీరో పుచ్చుకొని పోతుంది. ఆమెను మూర్ఖురాలని తీసివేయడం న్యాయం కాదు. సవ్యమైన కాన్పుకు ఆమె చాలును.

చాలనిది కాన్పు అడ్డం తిరిగినప్పుడు. బిడ్డ అడ్డంగా ఉన్నా, రక్తస్రావం ఆగకపోయినా, గుర్రపువాతమని పిలిచే మూర్ఛలు వచ్చినా ఆమె చేతిలో ఉపాయం లేదు. అంతకంటే ఎక్కువ ప్రాణాలు తీసినది కంటికి కనిపించని మురికి. బొడ్డుతాడును కొడవలితోనో, చేతికందిన చాకుతోనో కోసి, పుండు మీద బూడిదో పేడో అద్దేవారు. అందులో దాగిన సూక్ష్మక్రిమి వల్ల వారం తిరగకముందే బిడ్డ పాలు కుడవడం మానేది; దవడలు బిగిసేవి; ఒళ్ళు విల్లులా వంగేది. దానిని బాలగ్రహమన్నారు, పక్షిదోషమన్నారు. నిజానికి అది ధనుర్వాతం. తల్లికి వచ్చే సూతికాజ్వరం సంగతీ ఇటువంటిదే. ఇది మన పల్లెల అజ్ఞానం మాత్రమే అనుకోరాదు. 1847లో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల బాలింతలు మరణిస్తున్నారని కనిపెట్టి, క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్ళతో చేతులు కడుగుకొనండని చెప్పితే, తోటి వైద్యులే అనేకులు ఆయన మాట వినలేదు.

ఇక వైద్యుణ్ణి పిలుద్దామన్నా రెండు అడ్డంకులు. ఒకటి దారి. వానాకాలంలో రేగడినేల మీద బండిచక్రం ఇరుసు దాకా దిగబడుతుంది; నాలుగు కోసుల దూరం ఒక పగలు పట్టవచ్చు. రెండవది మర్యాద. పురిటిగదిలోకి పురుషుడు రాకూడదు; ఆనాడు స్త్రీ వైద్యులు లేరు. రోగానికి మందు ఉన్నదా లేదా అన్న ప్రశ్న తరువాతిది. మందు ఎరిగిన మనిషికి, నొప్పులు పడే మనిషికి నడుమ గోడ ఉన్నది.

ఆ గోడలో మొదటి తలుపు తెరచినవారిలో అన్నా సారా కుగ్లర్ ఒకరు. ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించి, 1879లో అక్కడి మహిళా వైద్యకళాశాలలో పట్టం పొందినారు. 1883 నవంబరులో గుంటూరు చేరినారు. విచిత్రమేమంటే, ఆమెను పంపిన లూథరన్ మిషను వారు ఆమెను డాక్టరుగా పంపలేదు. ఘోషాలో ఉండే స్త్రీలకు, పిల్లలకు చదువు చెప్పడానికి పంపినారు. వైద్యసేవకు తాము సిద్ధంగా లేమన్నారు. ఆమె మాత్రం పంతులమ్మగా దిగి, వెంట తెచ్చుకొన్న మందులతో, పరికరాలతో ఇంటింటా రోగులను చూడసాగినారు. 1885లో మిషను వారే దారికి వచ్చి ఆమెను వైద్యురాలిగా నియమించినారు. 1893లో వైద్యశాల, 1897లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి గుంటూరులో వెలసినవి. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసిన పిమ్మట ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.

ఒక్క డాక్టరు వల్ల ఇదంతా జరిగినదని చెప్పడం చరిత్ర కాదు. ఆమెకు తోడుగా నర్సు కేథరిన్ ఫాస్ వచ్చినారు. వారి వద్ద తెలుగు ఆడపిల్లలు నర్సులుగా తయారైనారు. రోగి మాట రోగి భాషలో విని, ఆమె సిగ్గును, భయాన్ని గ్రహించి డాక్టరుకు చెప్పినవారు ఆ పిల్లలే. వారి పేర్లు చరిత్ర పుస్తకాలలో కనిపించవు.

మరొక సంగతి చెప్పాలి. అగ్రవర్ణాల కుటుంబాలు ఆసుపత్రికి రావడానికి జంకినది మందు మీద నమ్మకం లేక కాదు; తిండి, మడి, బంధువుల మాట ఎట్లా అన్న దిగులుతో. ఏలూరు రాజా భుజంగరావు బహదూరు తమ కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులకోసం సత్రం కట్టించినారు. కోడలికి నొప్పులు వస్తూ ఉంటే అత్తగారు ఎదుటి సత్రంలో తన పొయ్యి మీద తాను వండుకోవచ్చును. విదేశీ వైద్యురాలి విద్య, తెలుగు నర్సు మాట, జమీందారు సత్రం, ఈ మూడూ ఒకచోట చేరినప్పుడే పల్లె ఇల్లాలు ఆసుపత్రి మెట్టు ఎక్కినది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆమె వచ్చి ఉండేది కాదు.

ఈ ఒరవడి చుట్టుప్రక్కలకు ప్రాకినది. చీరాలలో డాక్టర్ మేరీ బేర్ వైద్యసేవ నెలకొల్పినారు. 1904లో హాలండు నుండి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. సంఘపు కన్యాస్త్రీల సేవలో సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి పెరిగినది. ఒంగోలులో బాప్టిస్టుల క్లౌ స్మారక ఆసుపత్రి, నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీ వారి ఆసుపత్రి వెలసినవి. అయితే వీటన్నిటికీ డాక్టరమ్మలు ఎక్కడి నుండి రావాలి? ఈ అవసరం గుర్తించే, వేరువేరు మిషనులు చేతులు కలిపి 1918లో వెల్లూరులో మహిళా వైద్యపాఠశాల ప్రారంభించినవి; ఐడా స్కడ్డర్ దానికి సారథి. తమలో తమకు మతాచార భేదాలున్న సంఘాలు కాన్పుల విషయంలో ఏకం కావడం గమనింపదగినది.

ప్రభుత్వపక్షాన కూడా పని జరిగినది. 1885లో డఫరిన్ ప్రభ్వి పేర స్త్రీ వైద్యనిధి, 1903లో మంత్రసానుల శిక్షణకు విక్టోరియా స్మారకనిధి ఏర్పడినవి. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సుల, మిడ్‌వైఫుల చట్టం వచ్చినది. ఎవరు కాన్పులు చేయదగినవారో నమోదు చేయడం అప్పటి నుండి క్రమపడినది. ఇది మేలే. కాని ఒక లోపం కూడా ఇందులోనే ఉన్నది. నమోదైన మిడ్‌వైఫు పట్నంలో ఉన్నది. కాన్పులు పల్లెలో జరుగుతున్నవి. మంత్రసానిని చిన్నచూపు చూచినంత సులువుగా ఆమె స్థానంలో మరొకరిని నిలపలేకపోయినాము.

ఈ ఎడం పూడ్చడానికి పూనుకొన్నవారిలో డాక్టర్ కొమఱ్ఱాజు అచ్చమాంబగారు స్మరణీయులు. ఆమె 1906లో గుంటూరులో జన్మించినారు. తండ్రి లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ఒకరు. ఆయన కుమార్తెకు పెట్టినది తన అక్క భండారు అచ్చమాంబగారి పేరు. ఆ అక్కగారు అబలాసచ్చరిత్రరత్నమాల వ్రాసిన విదుషి. కన్నబిడ్డలను పసితనంలోనే పోగొట్టుకొన్న తల్లి. ఆమె పేరు పెట్టుకొన్న మేనకోడలు ప్రసూతి వైద్యురాలు కావడం మనసును తాకే విషయం. మద్రాసులో వైద్యం చదివి, ఇంగ్లండులో తరిఫీదు పొంది, విజయవాడలో వైద్యవృత్తి సాగించిన అచ్చమాంబగారు కార్యకర్తలైన స్త్రీలకు ప్రసూతి సేవలో శిక్షణ ఇచ్చినారు. ‘ప్రసూతి – శిశుపోషణ’ అనే గ్రంథం తెలుగులో వ్రాసినారు. 1957 నుండి 1962 వరకు లోకసభలో సభ్యురాలుగా ఉన్నారు. వైద్యశాస్త్రం ఇంగ్లీషు పుస్తకాలలో ఉన్నంతకాలం అది డాక్టరు సొత్తు. తెలుగులోకి వచ్చిన రోజున అది గర్భిణి సొత్తు కూడా అయినది.

1946లో గుంటూరు వైద్యకళాశాల ఏర్పడినది. అదే సంవత్సరం భోర్ సంఘం తన నివేదికలో పల్లెలకు ఆరోగ్యకేంద్రాలు కావాలన్నది. 1952 నుండి సమాజాభివృద్ధి పథకంతోపాటు ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలు వచ్చినవి. మిడ్‌వైఫ్ శిక్షణ పొందిన నర్సమ్మ పల్లెబాట పట్టినది. మంత్రసానులకు కూడా తరగతులు నడిపినారు. వారికి నేర్పినవి అయిదు శుభ్రతలు: చేతులు, కాన్పు చేసే చోటు, బొడ్డు కోసే బ్లేడు, కట్టే దారం, కోసిన బొడ్డు. చివరిదానికి అర్థం, దాని మీద ఏమీ పూయరాదని. దీనికి తోడు గర్భిణికి ధనుర్వాతపు టీకా. ఒక సబ్బుబిళ్ళ, ఒక బ్లేడు, ఒక సూదిమందు, ఇంతే. కాని ఇందుకు ప్రభుత్వం, నర్సమ్మ, మంత్రసాని, ఇంటి పెద్దావిడ, నలుగురూ ఒకే మాట మీద నిలవవలసి వచ్చినది. ఫలితంగా 2003లో శిశు ధనుర్వాతం అదుపులోకి వచ్చినట్లు ధ్రువపడిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో నిలిచినది. 2015లో దేశమంతటికీ ఆ గుర్తింపు లభించినది. పక్షిదోషం ఎగిరిపోయినది మంత్రంతో కాదు, కడిగిన చేతులతో.

2005లో జననీ సురక్షా యోజన, అదే ఏడు 108 వాహనం, వెంట ఆశా కార్యకర్త వచ్చినారు. రేగడి బాటలో దిగబడిన బండి కథ దాదాపు ముగిసినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. 2018–20 లెక్కలలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా, మన రాష్ట్రంలో 45. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో తల్లీబిడ్డల విభాగానికి పెద్ద భవనం కావలసి వచ్చినప్పుడు అమెరికాలో స్థిరపడిన గుంటూరు వైద్యకళాశాల పూర్వ విద్యార్థుల సంఘం, జింకానా, ప్రభుత్వంతో చేయి కలిపినది. 2022లో ఆ సంఘానికి చెందిన ఒక వైద్యురాలు ఇందుకు ఇరవై కోట్ల రూపాయలు ప్రకటించినారు. 1883లో అమెరికా నుండి గుంటూరుకు ఒక వైద్యురాలు వచ్చినది. గుంటూరులో చదివి అమెరికా వెళ్ళిన వైద్యురాలు నూట ముప్పై తొమ్మిది ఏళ్ళకు ఆ బాకీ తీర్చినట్లయినది.

అయినా పని పూర్తి కాలేదు. అదే సర్వే మరి రెండు సంగతులు చెప్పినది. రాష్ట్రంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులు. నూటికి 42 కాన్పులు కోతకాన్పులు. ఒకప్పుడు ఆసుపత్రి అందక తల్లులు పోయినారు. ఇప్పుడు ఆసుపత్రి అందినది గాని, ఆసుపత్రికి ముందరి తొమ్మిది నెలలు, తరువాతి నలభై రోజులు ఎవరి బాధ్యతో తెలియకుండా ఉన్నవి.

పాత పురిటిగదిలో తప్పులు ఎన్నో ఉన్నవి. ముర్రుపాలు పిండి పారబోయడం తప్పు. బాలింతకు దాహమిచ్చుటకు వెనుకాడడం తప్పు. కాని నలభై రోజులు ఆమెను పనికి పంపరాదన్న నియమం తప్పు కాదు. అది కలిగిన ఇంట చెల్లినది, కూలి ఇంట చెల్లలేదు. ప్రత్తి తీతకు, మిరప కోతకు ఆడకూలీలే ఆధారమైన సీమ ఇది. కాయ ఎరుపెక్కినప్పుడు కోయకపోతే రైతుకు నష్టం; ఆ రోజు కూలికి పోకపోతే ఆమె పొయ్యికి నష్టం. నెల తిరగని బిడ్డను గట్టు మీది చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వేసి సాలులోకి దిగే తల్లికి, ఎంత గొప్ప ఆసుపత్రి అయినా తాను ఒక్కటే ఏమి చేయగలదు? ఆమె ఇంటికి వారానికొకసారి నర్సమ్మ పోవాలి. రైతు ఆమె పని తరువాతికి నిలిపి ఉంచాలి. భర్త నీళ్ళ బిందె అందుకోవాలి. అత్తగారు పథ్యం పేరిట ఆకుకూర, పప్పు, గుడ్డు మాన్పించకుండా ఉండాలి. ఇవి డాక్టరు చీటీలో వ్రాసే మందులు కావు.

కుగ్లర్ ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించిన జమీందారుకు వైద్యం తెలియదు. రోగి ఆసుపత్రికి రావడానికి అడ్డమేమిటో మాత్రం తెలిసినది. తన వంతు పని చేసినాడు. ఈనాటి బాలింతకు అడ్డమేమిటో మన ఊరిలో మనకు తెలుసును. ఆ వంతు మనది.