మధుర మహలు: కనిపించని గదుల జాడ

మధురలో తిరుమల నాయకుని మహలు చూసి వచ్చినవారు రాజభవనమంతా చూశామనే అనుకుంటారు. నిజానికి నేడు నిలిచి ఉన్నది స్వర్గవిలాసం, దాని ఆవరణ, పక్కనున్న నాటకశాల మాత్రమే. 1623 నుంచి 1659 దాకా ఏలిన ఆ తెలుగు నాయకుని నగరు ఇంతకు ఎన్నో రెట్లు పెద్దది. మనుమడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు ఇక్కడి కట్టడాలను విప్పించాడని ప్రతీతి. మరి పోయిన గదులను ఎలా గుర్తించాలి?

ముందుగా నేలమీది గుర్తులు చూద్దాం. మహలుకు దూరంగా ఒక సందులో, ఇళ్ల నడుమ, పది రాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఆ సందుకే పత్తుత్తూణ్ అని పేరు. రాజు తమ్ముడు ముత్యాలు నాయకునిదని చెప్పే రంగవిలాసానికి వాటిని ముడిపెడతారు. నవబత్‌ఖానా వీధి పేరులో నౌబత్తు మోగిన చోటు దాగి ఉంది. ఇలాంటి బిందువులను పటంపై గుర్తిస్తే నగరు విస్తీర్ణం కొంత తెలుస్తుంది.

రెండవ ఆధారం చిత్రాలు. థామస్, విలియం డేనియల్‌లు 1792లో మధురకు వచ్చి శిథిల మహలును చిత్రించారు. లినియస్ ట్రైప్ 1858లో ఛాయాచిత్రాలు తీశాడు. ఈ రెంటికీ విలువ ఎందుకంటే, మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు మరమ్మతులు మొదలైంది 1866 తరువాతనే. పాత చిత్రాల్లో ఉన్న తోరణం మరమ్మతుకు ముందుది. వాటిలో కూలి కనిపించి నేడు నిండుగా ఉన్న భాగం తరువాతి పని. అయితే చిత్రకారుడు చూపును రంజింపజేయడానికి దూరాలను సాగదీయవచ్చు. కనుక స్తంభాల లెక్కను నమ్ముతాం, కొలతలను నేలమీద సరిచూసుకుంటాం. చిత్రంలో కనిపించనిదల్లా లేదనీ అనం. అది చిత్రకారుని చూపుకు అందనిది కావచ్చు.

పటం గోడను చూపుతుంది గాని గది వాడుకను చెప్పదు. అక్కడ సాహిత్యం తోడ్పడుతుంది. తంజావూరు విజయరాఘవ నాయకుడు తన తండ్రి దినచర్యను రఘునాథాభ్యుదయంలో వర్ణించాడు. రాజు ఏ పని తరువాత ఏ పనికి వెళ్లేవాడో దానివల్ల ఊహించవచ్చు. కాని అది తంజావూరు మాట. మధురకు దానిని పోలికగానే వాడాలి, సాక్ష్యంగా కాదు.

మహలు నేడు తమిళనాడు పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. చుట్టుపక్కల వీధులకు ఆ రక్షణ లేదు. ఒక పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టిన ప్రతిసారీ పునాదిలోని గుర్తు ఒకటి పోవచ్చు. ఆ వీధుల్లో తరతరాలుగా ఉన్న మన పాఠకులను మేము కోరేది ఒక్కటే. ఇంటి పాత దస్తావేజులో హద్దుల కింద ఏమి రాశారో ఒకసారి చదివి చూడండి. "మహలు గోడ" అన్న రెండు మాటలు కనిపించినా, పోయిన ఒక గది అంచు మనకు దొరికినట్లే.