పాత అంబాసిడర్ ఎందుకు మోగుతుంది? ఒక చప్పుడు వెనక వందేళ్ల చరిత్ర

"హారన్ తప్ప అన్నీ మోగుతాయి" అనే జోక్ మీరు వినే ఉంటారు. పాత అంబాసిడర్ మాట వస్తే మన దగ్గర ఈ జోక్ కూడా వచ్చేస్తుంది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ మోత గురించే. నవ్వుకోవడానికి కాదు, వినడానికి. నా లెక్కలో పాత కారు చేసే చప్పుడు ఒక సాక్ష్యం. ఆ బండి ఏ రోడ్ల మీద తిరిగింది, ఎంత ఎండకు ఎండింది, దాంట్లో ఏది తీసి ఏది పెట్టారు, అన్నీ ఆ చప్పుడులో ఉంటాయి. ఓపిగ్గా వింటే బయటపడతాయి. కాకపోతే అట్లా వినగలిగే మెకానిక్‌లు మన కరీంనగర్, ఆదిలాబాద్ షెడ్లలో ఇప్పుడు వయసు మళ్లినవాళ్లు. అందుకే ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి.

కథ హైదరాబాద్ నుంచి మొదలుపెడదాం. ఎందుకంటే అప్పుడు మన రెండు జిల్లాలూ నిజాం రాజ్యంలోవే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డర్ ఇచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అది 1912 మోడల్. బండి తయారయ్యేలోపే, 1911లో ఆయన చనిపోయారు. కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఆ పేరు గమనించండి, సిల్వర్ ఘోస్ట్. అంటే వెండి దెయ్యం. 1907లో వెండి రంగు వేసిన ఒక బండికి ఆ పేరు పెట్టారు. దెయ్యంలా చప్పుడు లేకుండా పోతుందని దాని గొప్ప.

ఆ కారు అంత నెమ్మదిగా ఎట్లా నడిచింది? డబ్బు ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా ఉంది. దాంట్లో వరసగా ఆరు సిలిండర్లు. ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే ప్రతి పిస్టన్ ఇంజిన్‌ను కుదుపుతుంది. ఆరు వరసగా ఉంటే ఒకదాని కుదుపును ఇంకొకటి కొట్టేస్తుంది. నాలుగే ఉంటే పెద్ద కుదుపు పోతుంది కానీ, క్రాంక్ ఒకసారి తిరిగేలోపు రెండుసార్లు వచ్చే చిన్న కుదుపు మిగిలిపోతుంది. నాలుగు సిలిండర్ల బండి వణుకు అక్కడ పుడుతుంది. అది రిపేరు తప్పు కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. ఇంగ్లాండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజినీర్ ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లోనే ఈ కుదుపుకు విరుగుడుగా ఎదురు తిరిగే బరువుల షాఫ్ట్‌లు కనిపెట్టాడు. అంటే కారు ఎంత పాతదో, చప్పుడు మీద యుద్ధం కూడా దాదాపు అంత పాతది.

సరే, అది రాజుగారి కారు. మామూలు జనం మోటారు చప్పుడు విన్నది బస్సులో. 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ్టి ఆర్టీసీకి అదే మూలం. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్ దగ్గర ఇప్పటికీ ఉంది. పోయినప్పుడు తప్పకుండా చూడండి. మనవైపు బస్సు విలువ ఎందుకు ఎక్కువంటే, కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా వెళ్లింది. కరీంనగర్ పట్నానికి రాలేదు. కరీంనగర్‌కు రైలు వచ్చింది ఈ శతాబ్దం మొదలయ్యాకే. అన్నేళ్లూ ఊరి బరువంతా మోసింది రోడ్డే.

ఇప్పుడు అంబాసిడర్ దగ్గరికి వద్దాం. ఇంగ్లాండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు అచ్చులో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కారు ఇది. 1958 నుంచి 2014 దాకా, యాభై ఆరేళ్లు వచ్చింది. కలెక్టర్ ఆఫీసు ముందు అదే, పెళ్లి ఊరేగింపులో అదే, బస్టాండ్ పక్కన టాక్సీ కూడా అదే. నాలుగు సిలిండర్లు, ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. లారీకి ఉన్నట్టే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పట్టీల మధ్య గ్రీజు ఎండిపోతే అవి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. కిర్రు కిర్రుమని వెనక నుంచి వచ్చేది చాలాసార్లు అదే. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎందుకు పెట్టేవాళ్లో మీ తాతను అడగండి. కారణం అదే.

ఆదిలాబాద్ వైపు చాలా చోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. దాని మీద వేసిన రోడ్డు అలలు అలలుగా అవుతుంది. గోదావరిఖని, రామగుండం దిక్కు బొగ్గు లారీల బరువుకు రోడ్లు గాళ్లు పడతాయి. ఇక వాతావరణం. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్‌లో చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. ఈ వేడికీ చలికీ ముందుగా బలయ్యేది రబ్బరు.

రబ్బరు ఎక్కడుందంటారా? దానికీ ఒక చరిత్ర ఉంది. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజిన్‌ను రబ్బరు దిండ్ల మీద నిలబెట్టి, దానికి ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టింది. నాలుగు సిలిండర్ల వణుకును ఆపలేకపోతే, కనీసం బాడీ దాకా రాకుండా అడ్డుకుందాం అన్నది ఆలోచన. తర్వాత వచ్చిన కార్లన్నీ అదే దారి పట్టాయి, అంబాసిడర్ కూడా. అయితే రబ్బరు ఇంజిన్ వేడికి గట్టిపడిపోతుంది, పగులుతుంది. అప్పుడు ఇంజిన్ వణుకు నేరుగా స్టీరింగ్‌కు, డోర్లకు, అద్దాలకు ఎక్కుతుంది. పైగా మన దగ్గర డీజిల్ చవక అని ఎన్నో పెట్రోల్ అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. డీజిల్ కొట్టుడు ఇంకా గట్టిది. "ఈ బండి ఇట్లనే ఉంటది" అని వదిలేసిన చాలా మోతల వెనక ఇట్లా మారిన ఇంజిన్, చచ్చిన మౌంటింగులు ఉంటాయి.

మరి చప్పుడు ఎక్కడిదో పట్టేదెట్లా? మంచి మెకానిక్ ముందుగా పానా ముట్టుకోడు. ప్రశ్నలు వేస్తాడు. బండి నిలబెట్టి రేస్ చేస్తే వస్తోందా? వస్తే ఇంజిన్, మౌంటింగ్, సైలెన్సర్. స్పీడుతో పాటు పెరుగుతోందా? అయితే చక్రం, బేరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్. గుంతలో పడ్డప్పుడే వస్తోందా? అయితే బుష్‌లు, షాకబ్జర్లు, కమాన్ కట్టలు, డోర్లు. ఈ మూడు ప్రశ్నలతోనే సగం బండి పక్కకు పోతుంది.

దీనికి కొంచెం లెక్క జోడిస్తే మీ ఫోన్ కూడా పనికొస్తుంది. అంబాసిడర్ చక్రం చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 8 సార్లు తిరుగుతుంది. వెనక యాక్సిల్ నిష్పత్తి నాలుగున్నర అనుకుంటే షాఫ్ట్ 36 సార్లు తిరుగుతుంది. టాప్ గేర్‌లో ఇంజిన్ కూడా అంతే. నాలుగు సిలిండర్ల కుదుపు దానికి రెట్టింపు, 72. ఇప్పుడు కంపనాలు కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, పక్క సీట్లో ఉన్నవాళ్లు ఫోన్‌ను కారు ఫ్లోర్ మీద ఉంచండి. 8 దగ్గర గీత లేస్తే టైరు, 36 దగ్గర లేస్తే షాఫ్ట్ మీద అనుమానం. నడిపే మనిషి మాత్రం ఫోన్ ముట్టుకోవద్దు. పాత మెకానిక్‌లు పొడుగు స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కు ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుని చేసేది కూడా ఇలాంటి పనే. చప్పుడు పుట్టిన చోటు ఏదో వేరుచేయడం.

చిన్న చిట్కాలు కూడా చెప్తా. ముందు డికీ ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ, పానాలు వదులుగా ఉంటే కారంతా లడలడమంటుంది. స్టెప్నీ అనే మాట వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో అక్కడ స్పేర్ చక్రం తయారు చేశారు, ఆ పేరు మన పల్లెల దాకా వచ్చేసింది. తర్వాత, కిర్రుమనే బుష్ మీద కొంచెం సబ్బునీళ్లు పోయండి. చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. పొద్దున చలిలో ఉండి మధ్యాహ్నానికి పోయే చప్పుడు చాలావరకు రబ్బరుదే.

కానీ కొన్ని చప్పుళ్లు జోక్ కాదు. గేర్ వేసి క్లచ్ వదిలినప్పుడు కింద టక్‌మంటే షాఫ్ట్ జాయింట్ క్రాస్ అరిగి ఉండొచ్చు. స్పీడులో అది తెగితే షాఫ్ట్ కింద పడుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతున్నప్పుడు అట్లా అయితే ఏమవుతుందో ఊహించుకోండి. స్టీరింగ్ వణుకు కూడా అంతే, బాల్ జాయింట్లు చూపించాల్సిందే. పాటల సౌండ్ పెంచి చప్పుడును మింగేయడం అందుకే ప్రమాదం.

చివరగా, ఇందులో పోయేదేంటో చెప్తా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయొచ్చు. నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతుంది. అయితే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అంటే ఒరిజినల్‌గా ఉన్న బండికే విలువ. కానీ మోత భరించలేక ఒకరు ఇంజిన్ మారుస్తారు, ఇంకొకరు తుక్కుకు అమ్మేస్తారు. రెండు వందల రూపాయల బుష్‌తో పోయే చప్పుడు, ఒక బండి చరిత్రను తుడిచేస్తుంది.

సిల్వర్ ఘోస్ట్‌ను చూసుకోవడానికి ప్యాలెస్ ఉంది. ఆల్బియన్‌కు బస్ భవన్ ఉంది. జగిత్యాలలోనో, లక్సెట్టిపేటలోనో చింతచెట్టు కింద టార్పాలిన్ కప్పుకున్న అంబాసిడర్‌కు ఎవరున్నారు? దాని చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మెకానిక్ ఉన్నాడు. ఆయనకు డెబ్బై ఏళ్లు ఉండొచ్చు, నేర్చుకునే పిల్లలు లేకపోవచ్చు. మీ ఊళ్లో అలాంటి పెద్దమనిషి ఉంటే ఈ ఆదివారం వెళ్లండి. బానెట్ ఎత్తమని చెప్పి, ఫోన్‌లో చప్పుడు రికార్డ్ చేయండి. "ఇదేం చప్పుడు తాతా?" అని అడగండి. ఆయన చెప్పే జవాబు కూడా రికార్డ్ చేయండి.